ఉన్నత పాఠశాల ఉపాధ్యాయ బృందంలో ఫీడ్‌బ్యాక్ అభ్యాసాలు: నిర్వహించే పద్ధతి

రోజూ నలభై యాభై నోటు పుస్తకాలు దిద్ది, ప్రతి పేజీ కింద తప్పొప్పులు రాసి సంతకం చేసే ఉపాధ్యాయులు, పక్క గదిలో పాఠం చెప్పే సహోద్యోగితో ఆయన బోధన గురించి నేరుగా ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఏళ్ల తరబడి ఒకే స్టాఫ్ రూములో కూర్చుంటారు. దీనికి కారణం ద్వేషమూ కాదు, నిర్లక్ష్యమూ కాదు. చెబితే సంబంధం చెడుతుందేమోనన్న భయం, సీనియర్‌కు చెప్పేంతవాళ్లమా అన్న సంకోచం, చెప్పినా మారేదేముందన్న నిరాశ ఇందుకు కారణాలు. వీటన్నిటి కింద మరొకటి ఉంది: తోటివారికి వారి పని గురించి ఎలా చెప్పాలో, విన్నవారు దాన్ని ఎలా స్వీకరించాలో సాధన చేసే అవకాశం ఉద్యోగంలో ఎక్కడా దొరకదు.

నిజానికి బి.ఎడ్. చదివినవారందరూ ఒకసారి ఈ సాధన చేసినవారే. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు రూపొందించిన మైక్రో టీచింగ్, అంటే చిన్న పాఠం చెప్పి దాని మీద అభిప్రాయం విని మళ్లీ చెప్పి చూసే శిక్షణ పద్ధతి, మన దేశంలో 36 నిమిషాల చక్రంగా స్థిరపడింది. అందులో 6 నిమిషాల పాఠం, 6 నిమిషాల ఫీడ్‌బ్యాక్, 12 నిమిషాల పునఃప్రణాళిక ఉంటాయి. ఆ తరువాత మళ్లీ 6 నిమిషాల పాఠం, 6 నిమిషాల ఫీడ్‌బ్యాక్ ఉంటాయి. చాలా కళాశాలల్లో అది రికార్డు పుస్తకం నింపడంతో ముగిసిపోవడం విచారకరం. అయినా దాని పునాది గట్టిది. అందరూ కళ్లారా చూసిన ఒక చిన్న పనిని ఎదురుగా పెట్టుకుని, చేసిన మనిషి గురించి కాక ఆ పని గురించి మాట్లాడటం, ఆ మాటలకు పనికి ఇచ్చినంత సమయం ఇవ్వడం దాని సారం. 12 నుంచి 18 మంది ఉపాధ్యాయులున్న ఉన్నత పాఠశాలలో మూడున్నర గంటల్లో నిర్వహించదగిన నాలుగు అభ్యాసాలను, ఆ తరువాత కొనసాగించవలసిన పనిని ఈ పునాది మీదనే ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా చూసుకోవలసినవి

రోజు ఎంపికను తేలికగా తీసుకోకూడదు. సమ్మేటివ్ పరీక్షల ముందు వారంలోనూ, బదిలీల కౌన్సెలింగ్ నడుస్తున్న రోజుల్లోనూ, తనిఖీ బృందం వచ్చి వెళ్లిన మర్నాడూ ఈ శిక్షణ పెట్టవద్దు. మనసులు వేరేచోట ఉన్నప్పుడు చెప్పిన మంచి మాట కూడా ఆరోపణలాగే వినిపిస్తుంది.

ప్రధానోపాధ్యాయులు ఈ శిక్షణను స్వయంగా నడపకూడదు. అదే స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరి పాఠశాలల సముదాయం) లోని మరో పాఠశాల నుంచి అనుభవమున్న ఉపాధ్యాయుణ్ని గానీ ఉపాధ్యాయినిని గానీ పిలవడం మేలు; ఆ సాయానికి బదులుగా మీ పాఠశాలలో ఒకరు వారి పాఠశాలకు వెళ్లి నడపవచ్చు. ప్రధానోపాధ్యాయులు మాత్రం మొదటి నిమిషం నుంచి చివరి దాకా సభ్యుల్లో ఒకరిగా కూర్చోవాలి. అంతేకాదు, ఫీడ్‌బ్యాక్ స్వీకరించే తొలి వంతు వారిదే కావాలి. పైవారు మొదట విని నిలబడితేనే మిగిలినవారికి నోరు పెగులుతుంది. ఆసుపత్రులలోని నర్సింగ్ బృందాల మీద పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో చేసిన అధ్యయనంలో, మెరుగైన నాయకత్వమూ మంచి సంబంధాలూ ఉన్న బృందాలలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆ బృందాలు ఎక్కువ పొరపాట్లు చేశాయని దీని అర్థం కాదు. అక్కడివారు దాచకుండా చెప్పగలిగారన్నది ఆమె ఇచ్చిన వివరణ. మన పాఠశాలలో ఆ ధైర్యం ఎంత ఉందన్నది ప్రధానోపాధ్యాయులు మొదటి అరగంటలో ఎలా ప్రవర్తిస్తారన్న దాని మీదే చాలావరకు ఆధారపడుతుంది.

బెంచీలు తీసేసి కుర్చీలను గుండ్రంగా వేయించండి. మూడు ఒప్పందాలు గట్టిగా చదివి అందరిచేతా ఔననిపించండి. ఇక్కడ విన్నది స్టాఫ్ రూముకు గానీ తల్లిదండ్రుల దగ్గరకు గానీ వెళ్లదు. ఇక్కడ జరిగినది ఏ సర్వీసు కాగితంలోకీ ఎక్కదు. ఎవరైనా తమ వంతును కారణం చెప్పకుండానే వదులుకోవచ్చు. మూడో ఒప్పందాన్ని నడిపేవారు మాటవరసకు చెప్పి వదిలేయకూడదు, ఎవరైనా వాడుకున్నప్పుడు నిజంగా గౌరవించాలి.

మొదటి అభ్యాసం: కాగితపు ఉండలు, చెత్తబుట్ట

ఈ అభ్యాసానికి 25 నిమిషాలు పడుతుంది, అందులో ఆట పది నిమిషాలే. ముందుకు వచ్చిన ముగ్గురిని బయట నిలబెట్టి, ఒక్కొక్కరినే కళ్లకు గంతలు కట్టి లోపలికి తీసుకురండి. గంతలు కట్టాక బుట్టను మరో చోటికి, సుమారు రెండున్నర మీటర్ల దూరానికి జరపండి. ప్రతి ఒక్కరూ పది కాగితపు ఉండలు విసరాలి. మొదటి వ్యక్తి విసురుతున్నంతసేపూ బృందం పూర్తిగా మౌనంగా ఉంటుంది. రెండో వ్యక్తికి ప్రతి ఉండ తరువాతా ‘బాగుంది’, ‘ఇంకొంచెం ప్రయత్నించండి’, ‘మీరు చేయగలరు’ వంటి మాటలే వినిపిస్తాయి. మూడో వ్యక్తికి మాత్రం ఒక్కరే, ఉత్సాహపరిచే మాట ఏదీ కలపకుండా, ‘రెండడుగులు ఎడమకు పడింది’, ‘దిశ సరిపోయింది, దూరం ఒక అడుగు తగ్గింది’ అని జరిగింది జరిగినట్టు చెబుతారు.

గంతలు విప్పాక ముందు విసిరిన ముగ్గురినే అడగండి: లోపల ఏమనిపించింది, తరువాతి ఉండను దేన్ని బట్టి విసిరారు? మౌనం ఎదుర్కొన్నవారు సాధారణంగా, తాము ఏదో తప్పు చేస్తున్నామని అనిపించిందనీ, అందరూ తమను చూసి నవ్వుకుంటున్నారేమోనని సందేహం కలిగిందనీ అంటారు. మెచ్చుకోలు విన్నవారికి ఊపు వస్తుంది గానీ చేయి ఎటు తిప్పాలో తెలియదు. మూడోవారి ఉండలు క్రమంగా బుట్టను సమీపిస్తాయి. ఒకవేళ ఆ రోజు మూడోవారి విసురు కుదరకపోయినా నష్టం లేదు. ఏ మాట ఆధారంగా చేతిని సవరించుకున్నారన్నదే మనకు కావలసిన సమాధానం. ఆ తరువాత బృందాన్ని ఒకే ప్రశ్న అడగండి: మన పాఠశాలలో మనం ఒకరికొకరం ఈ మూడింటిలో దేన్ని ఇచ్చుకుంటున్నాం? జవాబుల కోసం తొందరపెట్టకుండా ఒక నిమిషం మౌనాన్ని భరించగలగాలి.

ఈ చర్చ ముగింపులో నడిపేవారు చెప్పదగిన పరిశోధన ఒకటి ఉంది. అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డినిసి 1996లో ఫీడ్‌బ్యాక్ మీద అంతవరకు జరిగిన అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. మొత్తం మీద ఫీడ్‌బ్యాక్ వల్ల పనితీరు మెరుగుపడుతున్నా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాలలో అది తగ్గిందని వారు గుర్తించారు. దృష్టి పని మీద నుంచి మనిషి మీదకు మళ్లేకొద్దీ ఫీడ్‌బ్యాక్ ప్రయోజనం తగ్గుతుందన్నది వారి వివరణ. అంటే ఫీడ్‌బ్యాక్ ఇచ్చినంత మాత్రాన మేలు జరుగుతుందని అనుకోవడానికి వీలు లేదు. తరువాతి అభ్యాసం అందుకే అవసరమవుతుంది.

రెండో అభ్యాసం: చూసినదీ, అనుకున్నదీ

స్టాఫ్ రూములో నిత్యం వినిపించే పద్నాలుగు పదిహేను వాక్యాలను చీటీల మీద రాసి ఉంచుకోండి. నలుగురేసి ఉన్న జట్లు ఆ చీటీలను రెండు కుప్పలుగా వేరు చేయాలి: గదిలో ఒక కెమెరా ఉంటే అందులో కనిపించేవి, వినిపించేవి ఒకవైపు, మన ఊహలూ తీర్పులూ మరోవైపు. ‘ఆ సార్‌కు పిల్లల మీద శ్రద్ధ లేదు’ అన్నది ఏ కెమెరాలోనూ కనిపించదు. ‘మంగళవారం మూడో పీరియడ్ బెల్లు మోగిన పది నిమిషాలకు తరగతిలోకి వచ్చారు’ అన్నది కనిపిస్తుంది. ‘ఎప్పుడూ’, ‘అసలు’, ‘ఏనాడూ’ అన్న మాటలున్న వాక్యాల దగ్గర జట్లలో వాదన మొదలవుతుంది. ఆ వాదనను ఆపవద్దు.

తరువాత రెండో కుప్పలోని వాక్యాలను తిరగరాయించండి. ఇందుకు అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ ప్రచారంలోకి తెచ్చిన మూడంచెల పద్ధతి సరిపోతుంది: ఎప్పుడు, ఎక్కడ అన్నది మొదట, ఏం జరిగింది అన్నది తరువాత, దాని వల్ల కలిగిన ఫలితం చివర. ‘మీరు ల్యాబు సామాన్లు ఎప్పుడూ సరిగ్గా పెట్టరు’ అన్న వాక్యం ఇలా మారుతుంది: ‘నిన్న నాలుగో పీరియడ్ తరువాత నేను ల్యాబుకు వచ్చేసరికి బీకర్లు కడగకుండా బల్ల మీదే ఉన్నాయి. అవి కడిగించి మొదలుపెట్టేసరికి ఎనిమిదో తరగతికి పది నిమిషాలు పోయాయి.’ వినడానికి కటువుగా లేకపోవడం దీని గొప్పతనమని నేననుకోను. విన్నవారు వెంటనే చేయగల పని ఒకటి ఇందులో స్పష్టంగా ఉంది.

మెచ్చుకోలును కూడా ఇదే పద్ధతిలో రాయించాలి. నిజానికి సాధన అక్కడే మొదలుపెట్టించడం మంచిది. ‘మీరు చాలా బాగా చెబుతారండి’ అన్న మాటతో సంతోషం కలుగుతుంది, ఉపయోగం కలగదు. ‘నిన్న భిన్నాల పాఠంలో వెనక బెంచీ అబ్బాయి తప్పు జవాబు చెప్పినప్పుడు, మీరు తప్పు అనకుండా, అది ఎలా వచ్చిందో బోర్డు మీద చూపించమన్నారు. చేస్తూ చేస్తూ వాడే తప్పు కనిపెట్టాడు. ఆ తరువాత మరో ముగ్గురు చేతులెత్తారు’ అని చెబితే ఆ ఉపాధ్యాయుడు రేపు కూడా ఆ పని చేస్తాడు, విన్న మిగతావారూ చేస్తారు.

మన మాటతీరులోని కొన్ని అలవాట్లను ఈ అభ్యాసంలోనే పట్టుకోవాలి. ‘అందరూ అనుకుంటున్నారు’ అని పేరు లేని గుంపు వెనక దాక్కోవడం, ‘నాకైతే పరవాలేదు గానీ హెచ్.ఎం. గారు ఏమంటారో’ అని మరొకరి భుజం మీద భారం పెట్టడం, ‘ఏమీ అనుకోకండి’ అని మొదలుపెట్టి అవతలివారు అనుకోవలసినదంతా అనేయడం, పొగడ్త చివర ‘కానీ’ తగిలించి ముందు చెప్పినదాన్ని చెరిపేయడం వీటిలో ముఖ్యమైనవి. నేను చూశాను, నాకు ఇలా అనిపించింది అని చెప్పే బాధ్యత మాట్లాడేవారే తీసుకోవాలి.

ఇక గౌరవ వాచకాల విషయం. బృంద శిక్షణలు ఇచ్చే కొందరు, అందరూ ఒకరినొకరు పేర్లతోనే పిలుచుకోవాలని పట్టుబడతారు. మన పాఠశాలలకు అది అనవసరమే కాదు, హానికరం కూడా. ‘సార్’, ‘మేడం’, ‘గారు’, ‘మీరు’ అన్నవి స్పష్టతకు అడ్డు రావు. పాతికేళ్ల సర్వీసున్న తెలుగు పండితునితో నిన్నగాక మొన్న చేరిన యువ ఉపాధ్యాయిని ‘సార్, నిన్న పద్యం మీరు రెండోసారి చదివినప్పుడు వెనక రెండు వరుసలకు వినపడలేదు’ అని నిండు గౌరవంతో, ఏ దాపరికమూ లేకుండా చెప్పగలదు. ఆ గౌరవమే ఆమెకు మాట్లాడే ధైర్యాన్నిస్తుంది.

మూడో అభ్యాసం: ముగ్గురి జట్లు

శిక్షణ మొత్తానికి గుండెకాయ ఇదే. దీనికి 85 నిమిషాలు కేటాయించండి. సమయం చాలకపోతే మిగతా అభ్యాసాలను కుదించండి గానీ దీన్ని కుదించవద్దు. బృందాన్ని ముగ్గురేసి జట్లుగా విడదీసి, వరండాలోనూ ఖాళీ తరగతి గదుల్లోనూ దూరదూరంగా కూర్చోబెట్టండి. ప్రతి వంతులో ఒకరు బోధిస్తారు, ఒకరు ఫీడ్‌బ్యాక్ చెబుతారు, మూడోవారు ఆ చెప్పడాన్నీ వినడాన్నీ గమనిస్తారు. పాత్రలు మారుతూ మూడు వంతులు సాగాలి.

ఒక్కో వంతు 20 నిమిషాలు. మొదటి 6 నిమిషాలు బోధకులు ఈ వారం తరగతిలో చెప్పబోయే పాఠంలోని ఒక చిన్న భాగాన్ని నిజంగా బోధించాలి. పాఠం గురించి వివరించడం బోధన కిందికి రాదు. తరువాతి 2 నిమిషాలు బోధకులే ముందు మాట్లాడతారు: ఏది అనుకున్నట్టు సాగింది, ఏది సాగలేదు. ఈ క్రమానికి జపాన్ పాఠశాలల్లో పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి కొనసాగుతున్న జుగ్యో కెంక్యూ సంప్రదాయం మంచి ఆధారం. అక్కడ సహోద్యోగులందరూ కలిసి ఒకరి పాఠాన్ని గమనించి, తరువాత చర్చించేటప్పుడు, పాఠం చెప్పినవారికే మొదటి మాట ఇస్తారు. తన లోపాన్ని తానే చెప్పుకున్న మనిషికి ఇతరులు అదే మాట గుచ్చి చెప్పవలసిన అవసరం ఉండదు, చర్చ నేరుగా పరిష్కారం మీదకు వెళ్తుంది.

తరువాత 4 నిమిషాలు ఫీడ్‌బ్యాక్ చెప్పేవారివి. పనిచేసినది ఒకటి, మార్చి చూడదగినది ఒకటి, అంతే. మూడో అంశం ఎంత విలువైనదైనా ఆ రోజుకు వదిలేయాలి. ఆ తరువాతి 2 నిమిషాల్లో బోధకులు తాము విన్నదాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పి, అర్థం కానిదాని గురించి ఒక ప్రశ్న అడుగుతారు. సంజాయిషీ ఇవ్వకూడదు. ఇది చాలా కష్టమైన నియమమని ముందే చెప్పండి. ‘మా పిల్లలు అలాంటివారు’, ‘సిలబస్ పూర్తి కావాలి కదా’, ‘నిజం తరగతిలో అయితే ఇలా చెప్పను’ అన్న మాటలు తన్నుకుంటూ వస్తాయి. వాటిలో నిజం ఉండవచ్చు. కానీ సంజాయిషీ మొదలైన క్షణమే చెప్పేవారు వెనక్కి తగ్గుతారు, మరోసారి చెప్పరు. ఒప్పుకోవలసిన అవసరం బోధకులకు లేదు. వినవలసిన అవసరం మాత్రం ఉంది. తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం పూర్తిగా వారిదే.

మరో 4 నిమిషాలు పరిశీలకులు మాట్లాడతారు. చాలామంది ఇక్కడ దారి తప్పి, పాఠం మీద తమ అభిప్రాయం కూడా చెప్పడం మొదలుపెడతారు. నడిపేవారు జట్ల మధ్య తిరుగుతూ దీన్ని వెంటనే సరిచేయాలి. పరిశీలకులు చూడవలసినవి మూడే: చెప్పిన మాటలో ఏ క్షణంలో ఏం జరిగిందో ఉందా, ఎన్ని వాక్యాలు పని మీద నుంచి మనిషి మీదకు జారాయి, విన్నవారు విన్నదాన్ని సరిగ్గా తిరిగి చెప్పారా. చివరి 2 నిమిషాల్లో బోధకులు తాము ప్రయత్నించదలచిన ఒక మార్పును తమ పుస్తకంలో రాసుకుంటారు.

జట్లను చీట్లు తీసి ఏర్పరచవద్దు, ముందుగానే ఆలోచించి కూర్చండి. ప్రధానోపాధ్యాయులున్న జట్టులో మిగతా ఇద్దరూ సర్వీసులో పెద్దవారై ఉండాలి. కాంట్రాక్టు ఉపాధ్యాయులను తొలిసారే వారి ఎదుట కూర్చోబెట్టడం న్యాయం కాదు. పాత తగాదా ఉన్న ఇద్దరిని ఒకే జట్టులో వేసి రాజీ చేద్దామని ఆశపడకండి. ఎవరికైనా కన్నీళ్లు వస్తే ఆ వంతును అక్కడితో ఆపి, మంచినీళ్లు ఇచ్చి, జట్టును పది నిమిషాలు విశ్రాంతికి పంపండి; అందరి చూపూ ఆ మనిషి మీద పడకుండా చూడటం, కారణం చెప్పమని అడగకపోవడం నడిపేవారి కర్తవ్యం.

మూడు వంతులూ అయ్యాక మిగిలే 25 నిమిషాలు అందరినీ మళ్లీ ఒకచోట కూర్చోబెట్టండి. ఈ కూర్చోవడమే అసలు శిక్షణ అని తెలిసివచ్చింది 1946 వేసవిలో. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ బృందం నిర్వహించిన ఒక శిబిరంలో, ఏ రోజుకారోజు సభ్యుల ప్రవర్తన గురించి పరిశీలకులు రాత్రిపూట చర్చించుకునేవారు. కొందరు సభ్యులు తామూ కూర్చుంటామన్నారు. తమ గురించి చెబుతున్నది విని కొందరు విభేదించారు, తాము చూసినది చెప్పారు. పగటి కార్యక్రమాల కంటే ఆ సంభాషణే ఎక్కువ నేర్పుతోందని అందరూ గ్రహించారు. మరుసటి ఏడాది మెయిన్ రాష్ట్రంలోని బెథెల్‌లో మొదలైన శిక్షణ ప్రయోగశాలలకు అదే బీజం. కాబట్టి ఈ 25 నిమిషాలను ఉపన్యాసంతో నింపవద్దు. ‘ఈ రోజు మీకు ఉపయోగపడిన ఒక వాక్యం ఏది, అది ఎందుకు ఉపయోగపడింది?’ అని అడిగి, వారు చెప్పిన వాక్యాలను బోర్డు మీద యథాతథంగా రాస్తే చాలు.

నాలుగో అభ్యాసం: కలిసి చేసిన పనిని తిరిగి చూడటం

ఇంతవరకు ఇద్దరి మధ్య జరిగినది ఇప్పుడు బృందానికి విస్తరించాలి. పాత దినపత్రికలతో గోపురం కట్టించడం వంటి ఆటలు చాలా శిక్షణల్లో కనిపిస్తాయి. బదిలీల తరువాత సగానికి సగం మంది కొత్తవారై, కలిసి చేసిన పని ఏదీ ఇంకా లేనప్పుడు అవి పనికొస్తాయి. మిగతా సందర్భాల్లో నిజంగా కలిసి చేసిన పనినే, అంటే నిరుటి వార్షికోత్సవాన్నో పదో తరగతి ప్రీ ఫైనల్ పరీక్షల నిర్వహణనో తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

గోడకు పొడవాటి కాగితం అతికించి ఆ పని మొదటి నుంచి చివరి దాకా కాలక్రమంలో ఒక గీత గీయండి. ప్రతి ఒక్కరూ తాము స్వయంగా చూసినవాటిని మాత్రమే దాని మీద రాయాలి. తరువాత అమెరికా సైన్యం 1970ల నుంచి తన శిక్షణలో వాడుతున్న సమీక్షా పద్ధతిలోని నాలుగు ప్రశ్నలు వరుసగా తీసుకోండి: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకు వచ్చింది, తరువాతిసారి ఏం చేస్తాం. రెండో ప్రశ్న పూర్తి కాకుండా మూడోదానికి వెళ్లనివ్వకండి. ఉదాహరణకు పరీక్ష రోజున తొమ్మిదో తరగతికి మధ్యాహ్న భోజనం ఆలస్యమైతే, తప్పు వంటవారిదని ఒకరు, డ్యూటీ ఉపాధ్యాయునిదని మరొకరు అంటారు. గీత మీద రాసినవి వరుసగా చదివితే, బెల్లు వేళ మారిన సంగతి వంటగదికి ఎవరూ చెప్పలేదనీ, చెప్పే బాధ్యత ఎవరికీ అప్పగించలేదనీ బయటపడవచ్చు. 45 నిమిషాల చివర ఒక నిర్ణయం, దానికి ఒక పేరు, ఒక తేదీ ఉండాలి.

రెండు ప్రసిద్ధ అభ్యాసాలను ఇందులో చేర్చలేదు. పేరు రాయకుండా చీటీల మీద ఒకరి గురించి ఒకరు రాసి పెట్టెలో వేయడం మొదటిది. చీటీ అందుకున్నవారు ఆ రోజంతా దస్తూరి ఎవరిదా అని వెతుకుతారు, అందులోని విషయం పక్కకు పోతుంది. వెనక్కి పడిపోతే మిగతావారు పట్టుకునే ఆట రెండోది. చీర కట్టుకున్నవారికీ, నడుం నొప్పి ఉన్నవారికీ, పరాయి స్పర్శకు ఇబ్బంది పడేవారికీ అది నమ్మకం పెంచదు.

తరువాతి రెండు నెలలు

ఒక్క పూట సాధన ఎక్కువ కాలం నిలవదు. అందువల్ల సభ ముగియకముందే అందరినీ జంటలుగా ఏర్పరచి, రెండు వారాలకోసారి ఒకరి తరగతిని మరొకరు పదిహేను నిమిషాలు చూసే ఏర్పాటు చేయాలి. చూసినవారు అదే రోజు మూడంచెల పద్ధతిలో రెండు విషయాలు తమ పుస్తకంలో రాసుకుని చెబుతారు. ఈ నోట్సు పుస్తకాలను ప్రధానోపాధ్యాయులతో సహా ఎవరూ తనిఖీ చేయకూడదు.

ఇందుకు లీజర్ పీరియడ్ తప్ప వేరే సమయం దొరకదు. ఎవరైనా సెలవు పెడితే ముందు పోయేదీ లీజర్ పీరియడే. కాబట్టి టైం టేబుల్‌లో ఆ పీరియడ్లకు ఎర్ర గీత గీసి, సెలవు పెట్టినవారి తరగతులను ఇతరులకు సర్దే అడ్జస్ట్‌మెంట్ వేసేటప్పుడు వాటిని చివరి వరకు ముట్టుకోనని ప్రధానోపాధ్యాయులు అందరి ఎదుటా చెప్పాలి. రెండు నెలల తరువాత గంటసేపు మళ్లీ కూర్చోండి. ప్రతి జంట తమకు సాయపడిన ఒక వాక్యాన్నీ, సాయపడని ఒక వాక్యాన్నీ తెస్తుంది. సాయపడని వాక్యాలను రెండో అభ్యాసంలోలాగే అక్కడికక్కడ తిరగరాయాలి. తరువాత జంటలను మార్చి, ఈ మధ్యలో కొత్తగా చేరినవారుంటే వారిని మొదటి విడతలో బాగా సాగిన జంటల్లోని ఒకరితో కలపండి.